యూరప్ రాజుల చిత్రపటాన్ని చదవడం ఎలా?

బొమ్మను కంప్యూటర్‌లో పెద్దగా తెరవండి. ఫోన్ చాలదు. మొదటిసారి చిత్రకారుడు హయసింత్ రిగో 1701లో వేసిన ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ పటమే తీసుకోండి.

ముందు ఎర్ర తెరను, రాతి స్తంభాన్ని వదిలేయండి. డబ్బున్న ఎవరి బొమ్మలోనైనా అవి వేసేవారు. రాజుకే చెందినవి వెతకండి: నీలం అంగీ మీద బంగారు లిల్లీలు ఫ్రాన్స్ రాజవంశం గుర్తు. అంగీ లోపలి తెల్ల బొచ్చు ముంగిసలాంటి చిన్న జంతువు ఎర్మిన్‌ది, దానిమీద నల్ల మచ్చలు ఆ జంతువు తోక కొసలు. నడుముకు పూర్వపు చక్రవర్తి షార్లమేన్‌దని చెప్పుకునే కత్తి. దీనికి ఐదు నిమిషాలు చాలు.

ఇప్పుడు చేతులు. ఇక్కడ తొందరపడకండి, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. వస్తువు పేరు చెప్పి ఊరుకోకూడదు, రాజు చెయ్యి దాన్ని ఏం చేస్తోందో చూడాలి. లూయీ రాజదండాన్ని తలకిందులుగా పట్టుకుని చేతికర్రలా ఆనుకున్నాడు. కిరీటం పక్కన దిండు మీద ఉంది. దీన్ని వినయం అనుకుంటే బొమ్మంతా తప్పుగా అర్థమవుతుంది. అంత పవిత్రమైన వస్తువును అంత తేలిగ్గా వాడగలగడమే ఇక్కడి దర్పం.

కుక్క అంటే విశ్వాసం, ముత్యం అంటే పవిత్రత అని పట్టికలు బట్టీ పట్టించే పద్ధతి నాకసలు నచ్చదు. వాన్ డైక్ 1635 ప్రాంతంలో వేసిన ఇంగ్లండ్ రాజు ఒకటో చార్లెస్ వేట పటం ముందు ఆ పట్టిక ఏం చేస్తుంది? అందులో కిరీటం లేదు, రాజదండం లేదు. ఒక చెయ్యి నడుం మీద, ఒకటి చేతికర్ర మీద. వెనక గుర్రం తల వంచింది. మనం కింది నుంచి పైకి చూస్తున్నట్టు వేయడంతో పొట్టివాడైన రాజు ఎత్తుగా కనిపిస్తాడు. ఆయన కళ్ళలో విషాదం మాత్రం వెతకకండి. ఆయన తల నరికింది 1649లో, బొమ్మ వేసినప్పుడు ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ముఖం ఎప్పుడూ చివర్లోనే చూడాలి, అదీ కాళ్ళతో కలిపి. లూయీకి అప్పటికే అరవై దాటింది, గౌట్ అనే కీళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి. ముఖంలో వయసు తెలుస్తుంది. ఎర్ర మడమల బూట్ల మీద నిలబడ్డ కాళ్ళు మాత్రం నాట్యం చేసే కుర్రాడివి.

తర్వాత సాధనకు ఇంగ్లండ్ రాణి ఒకటో ఎలిజబెత్ ఆర్మడా పటం (ఆర్మడా అనే స్పెయిన్ నౌకాదళం మీద గెలుపుకు గుర్తుగా వేసింది) తీసుకోండి. ముత్యాల జోలికి పోకుండా ముందు గ్లోబు మీది కుడిచెయ్యి చూడండి. వేళ్ళు అమెరికా మీద ఉన్నాయి.