పైపు తీసిన తరువాత – మూడో పాఠం: లేచే ముందు బిగింపు

గత పాఠంలో ప్యాడ్ మార్చడం, తొడల దగ్గర చర్మం ఒరిసిపోకుండా చూడడం నేర్చుకున్నాం. ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక మూత్రం కారిపోకుండా ఆపే కండరానికి ఈ వారం పని. యూరిన్ పైపు ఇంకా ఉన్నవారు ఈ పాఠం పక్కన పెట్టండి. పైపు తీసి, డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి.

ప్రోస్టేట్ అంటే మగవారిలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి. మూత్రాన్ని ఆపి ఉంచడంలో ఆ గ్రంథి దగ్గర, మూత్రాశయం మెడ దగ్గర ఉండే కండరానికి పెద్ద వాటా ఉంది. క్యాన్సర్ వల్ల గ్రంథి మొత్తం తీసేస్తే ఆ ఆసరా పోయి, భారమంతా దాని కింద మూత్రనాళం చుట్టూ ఉండే కండరం మీద పడుతుంది. అది బలపడడానికి నెలలు పడుతుంది. చాలామందికి మూత్రం కారడం 3 నుంచి 12 నెలల్లో బాగా తగ్గుతుంది. పొద్దున పొడిగా ఉండి సాయంత్రం కారుతోందంటే జబ్బు తిరగబెట్టిందని బెంగపడకండి, కండరం అలిసిపోయిందంతే.

ముందు ఆ కండరం ఎక్కడుందో పట్టుకోవాలి. మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోండి. నలుగురిలో గాలి వదలకుండా ఆపుకుంటాం కదా, అలా బిగించండి. అంగం మొదలు కాస్త లోపలికి లాగినట్టు, వృషణాలు కొంచెం పైకి లేచినట్టు తెలియాలి. పొట్ట మీద చెయ్యి పెట్టుకోండి. పొట్ట గట్టిపడినా, పిరుదులు బిగిసినా, ఊపిరి ఆగినా మీరు వేరే కండరాన్ని వాడుతున్నట్టే. ఇక్కడ తొందరపడకండి. ఒక్క కండరమే కదలడం వచ్చేదాకా లెక్క జోలికి వెళ్లొద్దు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చెయ్యడం మాత్రం వద్దు, మూత్రం పూర్తిగా బయటికి రాకుండా పోతుంది.

పట్టు దొరికాక 3 సెకన్లు బిగించి, అంతసేపూ పూర్తిగా వదలండి. క్రమంగా 10 సెకన్లకు పెంచండి. ఒక విడతకి 10 సార్లు, రోజుకి 3 విడతలు. పడుకుని కుదిరాక కూర్చుని, ఆ తరువాత నిలబడి.

అసలు విద్య ఇప్పుడు వస్తుంది. దగ్గు, తుమ్ము, కుర్చీలోంచి లేవడం, ఆటో ఎక్కడం: మూత్రం పడేది ఈ క్షణాల్లోనే. కదలడానికి ముందే బిగించి, పని అయ్యేదాకా వదలకండి. విశాఖ కేజీహెచ్‌లోనో (కింగ్ జార్జ్ ఆసుపత్రి), అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో చూపించుకుని ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి పాడేరు, శ్రీకాకుళం వెళ్లేవారికి బస్సు మెట్టే పెద్ద పరీక్ష. మెట్టు మీద కాలు పెట్టకముందే బిగించాలి. సామాను మాత్రం వెంట ఉన్నవాళ్లే మొయ్యాలి.

ప్రయాణం ఉందని నీళ్లు మానేస్తారు చాలామంది. విశాఖ ఉక్కపోతలో అది మరీ చేటు. మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని రేపుతుంది, ఇంకా తరచుగా వస్తుంది. గుండె, కిడ్నీ సమస్యలతో డాక్టరు నీళ్లకు కొలత పెట్టకపోతే రోజుకి లీటరున్నర నుంచి 2 లీటర్లు, చెమట ఎక్కువ పడితే ఇంకొంచెం తాగండి. టీ, కాఫీ తగ్గించండి. మలబద్ధకం రానివ్వకండి, ముక్కితే ఈ కండరమే దెబ్బతింటుంది.

ఇంట్లోవాళ్లకు ఒక మనవి. మావయ్యగారు కోడలికి ఈ సంగతి చెప్పుకోలేరు. కొడుకో, అత్తయ్యగారో పక్కన కూర్చుని అడగాలి. "మళ్లీ తడిపారా" అనే మాట ఆ ఇంట్లో వినపడకూడదు. ఆ ఒక్క మాటకి బయటికి రావడం మానేసినవాళ్లున్నారు.

మూత్రం అసలు రాకపోయినా, రక్తపు గడ్డలు పడినా, చలిజ్వరం వచ్చినా, పిక్క వాచి నొప్పెట్టినా సాధన ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఈ వారం ఇంటిపని: వంటింటి తూకం మీద పొడి ప్యాడ్ బరువు చూసి రాసుకోండి. వాడిన ప్యాడ్‌లను కవర్లో చుట్టి, 24 గంటలవీ కలిపి తూచి, ఎన్ని ప్యాడ్‌లుంటే అన్నిటి పొడి బరువూ తీసెయ్యండి. ఒక గ్రాము అంటే దాదాపు ఒక మిల్లీలీటరు. వారానికి ఒక రోజు ఇలా తూచి, ఆ నోటుపుస్తకం తరువాతి చెకప్‌కి పట్టుకెళ్లండి. రాత్రిపూట పక్క తడవడం గురించి నాలుగో పాఠంలో చూద్దాం.