దావా వేయాలా, కేసు పెట్టాలా?

"డబ్బులు ఇవ్వకపోతే కేసు పెడతా" అని తేలిగ్గా అనేస్తాం గానీ, ప్రామిసరీ నోటు మీద ఇచ్చిన అప్పు తిరిగి రాకపోతే మనం వేయాల్సింది దావా. స్టేషన్‌కి పోతే "ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకెళ్లు" అని పంపేస్తారు, ఆ మాట నిజమే, ఎందుకంటే అప్పు తీర్చకపోవడం ఒక్కటే నేరం కాదు (ఎగ్గొట్టాలనే ఉద్దేశంతోనే తీసుకున్నాడని చూపించగలిగితే అది మోసం, వేరే సంగతి).

దావా అరబీ మాట. పారసీ, ఉర్దూల మీదుగా మన కచేరీలకు వచ్చింది. "ఇది నాకు రావాలి" అని హక్కు అడగడం దాని అసలు అర్థం. ఫిర్యాదు పారసీది, దాని మూలంలో ఉన్నది మొర. అందుకే పోలీసులకు ఫిర్యాదు, సివిల్ కోర్టులో దావా. తమాషా ఏంటంటే ముద్దాయి కూడా దావా పుట్టిన ధాతువు నుంచే వచ్చింది, కాకపోతే ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, మన దగ్గరికి వచ్చేసరికి నిందితుడైపోయాడు. పాత ఉర్దూ కోర్టు కాగితాలు చదవాల్సి వస్తే ఇది గుర్తుపెట్టుకోండి, లేకపోతే ఎవరు ఎవరి మీద వేశారో తారుమారవుతుంది. ఇప్పటి సివిల్ కాగితాల్లో వాది, ప్రతివాది అనే ఉంటుంది.

ఇక వేయడం సంగతి. ముందు నోటు మీద తేదీ చూడండి. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకు రాసిన రోజు నుంచి 3 ఏళ్లే గడువు, ఆ గడువు దాటకముందే అవతలివాళ్లు కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే అక్కడి నుంచి మళ్లీ 3 ఏళ్లు లెక్క. నోటి మాటగా "ఇస్తాలే" అంటే ఆ గడువు పెరగదు! తర్వాత లాయర్ నోటీసు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపించి, కదలిక లేకపోతే ప్రతివాది ఉండే చోట గానీ నోటు రాసుకున్న చోట గానీ కోర్టు ఫీజు కట్టి దావా వేయాలి. మధ్యలో లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ ఫీజు వెనక్కి వస్తుంది కాబట్టి మొండికేయకండి.

డిక్రీ (డబ్బు కట్టమని కోర్టు ఇచ్చే తీర్పు ఉత్తర్వు) వచ్చాక కూడా కట్టకపోతే ఈపీ, అంటే ఆ డిక్రీని అమలు చేయించమనే పిటిషన్, వేయాలి, దానికి 12 ఏళ్ల వరకు టైమ్ ఉంటుంది.