ఎండలు ముదరకముందే మీ ప్రకృతి తెలుసుకోండి: తీసుకోవాల్సిన జాగ్రత్తలు

శివరాత్రి దాటిందంటే హైదరాబాద్‌లో ఫ్యాన్లు తిరగడం మొదలవుతుంది. ఉగాది నాటికి ఎండలో పెట్టిన బండి సీటు మీద కూర్చోలేం. సరిగ్గా ఈ రోజుల్లోనే ఎవరికి తోచిన సలహా వాళ్లు ఇస్తుంటారు. "నీది వేడి శరీరం, సబ్జా తాగు" అని ఒకరు, "నీకు వాతం, పెరుగు మానెయ్" అని ఇంకొకరు. ఫోన్లో కొన్ని ప్రశ్నలకు టిక్కులు పెడితే చాలు, "మీది పిత్త ప్రకృతి" అని రంగురంగుల చార్టు వచ్చేస్తుంది. దాన్ని పట్టుకుని చాలామంది తిండి మార్చేస్తారు. కొందరు మాత్రలు కూడా మార్చేస్తారు.

పుట్టుకతో వచ్చే శరీర స్వభావాన్ని ఆయుర్వేదం ప్రకృతి అంటుంది. అది తెలుసుకోవడం మంచిదే. వేసవికి ముందే తెలుసుకుంటే ఇంకా మంచిది. తప్పుగా తేల్చుకుంటే మాత్రం, అసలు తెలియకపోవడం కంటే నష్టం ఎక్కువ. అందుకే తిండి జాగ్రత్తల కంటే ముందు, ప్రకృతిని తేల్చుకునేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించి చెప్పాలి.

ఇప్పటి బాధ వేరు, పుట్టుకతో వచ్చింది వేరు

గర్భం ఏర్పడే సమయంలో వాతం, పిత్తం, కఫం అనే మూడు దోషాల్లో ఏది బలంగా ఉంటే మనిషికి ఆ ప్రకృతి వస్తుందని ప్రాచీన ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహితలోని శారీర స్థానం అనే భాగం చెబుతుంది. అది జీవితాంతం ఉండేది. వాత, పిత్త, కఫ అని మూడు, రెండేసి కలిసినవి మూడు, మూడూ సమంగా ఉన్నది ఒకటి, మొత్తం ఏడు. ఇప్పుడు మీ ఒంట్లో జరుగుతున్న తేడాను వికృతి అంటారు. కడుపు ఉబ్బరం, నిద్రలేమి, మొటిమలు, బద్ధకం ఇవన్నీ చాలావరకు వికృతి లెక్కలోకి వస్తాయి. మనం ప్రశ్నలకు జవాబులిచ్చేటప్పుడు ఈ నెల ఎలా ఉందో రాస్తాం. వచ్చే ఫలితాన్ని జన్మ స్వభావం అనుకుంటాం. తొంభై శాతం గందరగోళం ఇక్కడే మొదలవుతుందని నా నమ్మకం.

గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసే కుర్రాణ్ణి తీసుకోండి. రాత్రంతా ఏసీలో కూర్చుంటాడు, రెండింటికి నూడుల్స్ తింటాడు, తెల్లారి ఇంటికొచ్చి కర్టెన్లు వేసుకుని పడుకుంటాడు. చర్మం పొడిబారుతుంది, గ్యాస్ పడుతుంది, నిద్ర ముక్కలు ముక్కలుగా వస్తుంది, మనసు నిలవదు. ఏ ప్రశ్నావళి ఇచ్చినా "వాత ప్రకృతి" అనే వస్తుంది. కాలేజీ రోజుల్లో అతను దిట్టంగా తిని, పడుకుంటే లేవని మనిషి అయ్యుండొచ్చు. అప్పుడు అది కఫ ప్రకృతి మీద షిఫ్ట్ తెచ్చిపెట్టిన వాతం. ఈ రెండింటికీ వైద్యుడు చెప్పే జాగ్రత్తలు ఒకటి కావు.

ఊరు మారినా ఇలాగే అవుతుంది. కాకినాడ నుంచో విశాఖ నుంచో వచ్చినవాళ్లకు ఇక్కడ మొదటి ఏడాదే పెదాలు, మడమలు పగులుతాయి. సముద్రపు తేమ ఉన్న చోటు నుంచి దక్కన్ పీఠభూమి పొడిగాలిలోకి వచ్చిన ఫలితం అది. ఆయుర్వేదం కూడా ప్రాంతాలను జాంగలం (పొడి నేల), ఆనూపం (తేమ నేల), సాధారణం (రెండింటికీ మధ్యస్థం) అని విడదీసి, పొడిగా ఉండే జాంగల ప్రాంతంలో వాతం ఎక్కువని చెప్పింది. వయసును కూడా లెక్కలోకి తీసుకోవాలి. బాల్యంలో కఫం, నడివయసులో పిత్తం, వృద్ధాప్యంలో వాతం సహజంగానే బలంగా ఉంటాయి. డెబ్బై ఏళ్ల నాన్నగారి పొడి చర్మం చూసి "నాన్నది వాత ప్రకృతి" అని రాసేయకండి.

ముందు రక్త పరీక్ష, తర్వాత ప్రకృతి పరీక్ష

ఇది కొందరికి నచ్చకపోవచ్చు, అయినా గట్టిగానే చెప్తాను. బరువు పెరగడం, మందకొడితనం, ఎప్పుడూ నిద్రమత్తు కఫ లక్షణాల్లా కనిపిస్తాయి. థైరాయిడ్ తగ్గినా అచ్చం ఇవే ఉంటాయి. అతి దాహం, అతి ఆకలి పిత్తంలా ఉంటాయి. షుగర్ కూడా అలాగే బయటపడుతుంది. చలి ఎక్కువ, నీరసం, గుండెదడ అంటే వాతం అనుకుంటాం, రక్తహీనత కావచ్చు. నలభై ఐదు దాటిన ఆడవాళ్లకు ఒక్కసారిగా ఒళ్లంతా సెగలు కమ్మితే అది నెలసరి ఆగే దశ లక్షణం కావచ్చు. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్ ఈ మూడూ చూపించుకుని, ఏ తేడా లేదని తెలిశాక ప్రకృతి గురించి కూర్చోండి.

అమ్మను అడగండి

ఒంట్లో బాగున్న వారంలో, ఖాళీ ఉన్న రోజు చూసుకోండి. జ్వరం తగ్గిన మర్నాడు, పరీక్షల ముందు, ప్రసవమైన కొత్తలో, ఉద్యోగం పోయిన టెన్షన్‌లో ఈ పని పెట్టుకోవద్దు.

మీ గురించి మీకంటే బాగా చెప్పగలిగేది అమ్మో, మేనత్తో, చిన్నప్పటి నుంచి చూసిన అక్కో. "నేను పిత్తమా, వాతమా?" అని అడిగితే వాళ్లేం చెప్తారు? ఇలా అడగండి: "అమ్మా, చిన్నప్పుడు అన్నం లేటయితే నేనేం చేసేవాణ్ణి?" "గిన్నెలు విసిరేసేవాడివి రా" అంటే అది తీక్ష్ణమైన ఆకలి, పిత్తం వైపు సూచన. "ఒకరోజు ఊడ్చుకు తినేవాడివి, మర్నాడు ముద్ద కూడా దిగేది కాదు" అంటే విషమాగ్ని (నిలకడ లేని ఆకలి), వాతం. "నువ్వు అడిగేవాడివే కాదు, పెడితే నిదానంగా తినేవాడివి" అంటే మందాగ్ని (మందమైన ఆకలి), కఫం. ఇలాగే నిద్ర గురించి అడగండి: చిన్న చప్పుడుకే లేచేవాడినా, లేపినా లేచేవాడిని కాదా? పద్యం ఎలా వచ్చేది? వాతం వాళ్లు చప్పున పట్టేస్తారు, చప్పున మర్చిపోతారు. కఫం వాళ్లకు ఎక్కడం ఆలస్యం, ఎక్కితే పోదు. చలికాలం స్వెటర్ విప్పేవాణ్ణా, దుప్పటి వదలనివాణ్ణా అని కూడా అడగండి.

ఎముకల నిర్మాణం, ఎత్తు, భుజాల వెడల్పు లాంటివి వయసుతో పెద్దగా మారవు కాబట్టి వాటికి ఎక్కువ విలువ ఇవ్వండి. బరువు, చర్మం, జుట్టు రాలడం, మూడ్ లాంటివాటికి తక్కువ. ఏ ఒక్క గుర్తుతోనూ తేల్చొద్దు. జుట్టు తొందరగా నెరిసినంత మాత్రాన పిత్తం అయిపోదు.

ఒకే దోషం తేటతెల్లంగా కనిపించేవాళ్లు తక్కువ. మన హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న అధ్యయనం 2015లో వెలువడింది. అందులో 3,416 మందిని పరిశీలించి, స్పష్టంగా వర్గీకరించగలిగిన 262 మంది పురుషుల జన్యువులను విశ్లేషించారు. 52 చోట్ల జన్యుపరమైన తేడాలు కనిపించాయి. పీజీఎం1 అనే జన్యువుకు పిత్త ప్రకృతితో సంబంధం కనిపించింది. ఆసక్తికరమైన ఫలితమే. దాన్ని చూపించి "మీ ప్రకృతికి ఫలానా జబ్బు ఖాయం" అనేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. మీకు "వాత-పిత్తం" అని వస్తే అది తప్పు ఫలితమేమీ కాదు, చాలామందికి అలాగే వస్తుంది.

మనసు దగ్గర మరింత జాగ్రత్త

మానసిక ప్రకృతికి సత్త్వ, రజస్, తమస్ మూడు గుణాలు. చరక సంహిత వీటిని ఇంకా విడదీసి సాత్త్వికం ఏడు, రాజసం ఆరు, తామసం మూడు, మొత్తం పదహారు రకాలు చెప్పింది. శరీరానిది వేరు, మనసుది వేరు. కఫ శరీరంలో ఎంతో సాత్త్వికమైన మనసు ఉండొచ్చు.

ఇంట్లో దీన్ని తిట్టుగా వాడటం నాకు చాలా బాధ కలిగిస్తుంది. పదో తరగతి పిల్లవాడు పొద్దున్నే లేవకపోతే "వీడిది తామసం" అనేస్తారు. ఆ మాట వాడి మనసులో ఏళ్లపాటు ఉండిపోతుంది. ఎదిగే వయసులో నిద్ర ఎక్కువే కావాలి. పిల్లలకు ఈ ముద్రలు వద్దే వద్దు.

రెండు వారాలు దాటి నిద్ర రాకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతకాలని లేదనిపించినా అది రజస్సో తమస్సో అని తర్జనభర్జన పడకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, లేదా మానసిక వైద్యుణ్ణి కలవండి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

ప్రకృతి తేలాక, ఎండాకాలంలో

వేసవి అంటే పిత్తమే అనుకుంటాం. గ్రంథాల లెక్క వేరు. గ్రీష్మంలో ఎండ, పొడిగాలి వల్ల వాతం లోలోపల పోగవుతుంది, వర్షాకాలంలో బయటపడుతుంది. పిత్తం వానల్లో పోగై, శరదృతువులో, అంటే దసరా ఎండల్లో ప్రకోపిస్తుంది. మృగశిర కార్తెలో తొలి వానలు పడగానే మోకాళ్లు పట్టేసే వాళ్లుంటారు కదా, ఆయుర్వేదం ప్రకారం వాళ్ల జాగ్రత్త ఏప్రిల్‌లోనే మొదలవ్వాలి.

వాత ప్రకృతి వాళ్లు వేసవిలో ఉపవాసాలు, ఒట్టి సలాడ్లు, ఐస్ నీళ్లు తగ్గించండి. గోరువెచ్చని పప్పన్నం, నెయ్యి, స్నానానికి ముందు నువ్వుల నూనె పట్టించడం మేలు. ఏసీ గాలి నేరుగా ఒంటి మీద పడకుండా చూసుకోండి.

పిత్త ప్రకృతి వాళ్లకు ఎండ నేరుగా ఇబ్బంది పెడుతుంది. కొత్త ఆవకాయ కలిపిన ముద్దలు రెండు చాలు, మూడు పూటలా వద్దు. రాత్రి పూట మసాలా బిర్యానీ, దాని మీద ఇరానీ చాయ్ అలవాటుంటే ఈ రెండు నెలలు దూరం పెట్టండి. తాటి ముంజలు, కొబ్బరి నీళ్లు, సబ్జా మీకోసమే. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం కొబ్బరి నీళ్లకు ముందు డాక్టరును అడగాలి, అందులో పొటాషియం ఎక్కువ.

కఫ ప్రకృతి వాళ్లకు గ్రీష్మం కొంత సుఖమే. వాళ్లకు కష్టకాలం దానికి ముందుండే వసంతం. చల్లటి తీపి పానీయాలు అతి చేయకపోతే చాలు.

పగటి నిద్ర వద్దనే ఆయుర్వేదం గ్రీష్మంలో మాత్రం ఒప్పుకుంటుంది. అలవాట్లన్నీ ఒక్కరోజులో మార్చొద్దని కూడా చెబుతుంది. పోయే ఋతువు చివరి ఏడు రోజులు, వచ్చే ఋతువు మొదటి ఏడు రోజులు ఋతుసంధి. ఆ రోజుల్లో పాతవి కొంచెం కొంచెంగా తగ్గిస్తూ కొత్తవి అలవాటు చేసుకోవాలి.

వడదెబ్బ ప్రకృతి చూసి రాదు. "నాది వాత శరీరం, నాకు ఎండ పడుతుంది" అని మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా తిరగకండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, మనిషి అయోమయంగా ప్రవర్తించినా నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, గాలి తగిలేలా చేసి 108కి ఫోన్ చేయండి. తెలివిలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

మందుల విషయంలో

ప్రకృతి తెలిసింది కదా అని నడుస్తున్న మందులు ఆపొద్దు. బీపీకి నీరు తీసే మాత్రలు వాడేవాళ్లు, మానసిక సమస్యకు లిథియం వాడేవాళ్లు వేసవిలో ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవాలి. ఎవరో చెప్పిన విరేచన చికిత్స (విరేచనాలయ్యేలా మందు తీసుకోవడం) ఇంట్లో చేసుకుంటే ప్రమాదం. షుగర్ మాత్ర వేసుకుని కాకర రసం తాగుతూ ఉపవాసం ఉంటే షుగర్ బాగా పడిపోవచ్చు. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. అశ్వగంధ గర్భిణులకు వద్దు, థైరాయిడ్ మందులు వాడేవాళ్లు అడగకుండా మొదలుపెట్టొద్దు. లోహాలు, ఖనిజాలు కాల్చి చేసే భస్మాలు, పాదరసం కలిసిన రసౌషధాల సంగతికొస్తే, విషపదార్థాల జాబితాలోని దినుసులున్న మందుల మీద వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక చట్టప్రకారం ఉండాలి. తయారీ లైసెన్స్ నంబరు లేని డబ్బా, లేబులే లేని పొట్లం ఇంట్లోకి రానివ్వకండి.

పాతబస్తీలో చార్మినార్ దగ్గర నిజామియా టిబ్బీ ఆసుపత్రి ఉంది. అక్కడి యునానీ వైద్యంలో మిజాజ్, అంటే శరీర స్వభావం, నాలుగు రకాలుగా చూస్తారు. సఫ్రావీ అందులో ఒకటి. అదొక పద్ధతి, ఇదొక పద్ధతి. సఫ్రావీ అన్నారు కాబట్టి పిత్తమే అని మీరే కలిపేసుకుని రెండు చోట్ల మందులూ ఒకేసారి వాడకండి.

నాడి పట్టుకుని రెండు నిమిషాల్లో ప్రకృతి చెప్పేసి, ఆ వెంటనే వేల రూపాయల ప్యాకేజీ చూపించే చోటు నుంచి లేచి వచ్చేయండి. ఎర్రగడ్డ ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి లాంటి చోట, అర్హత ఉన్న వైద్యుడి దగ్గర నిదానంగా మాట్లాడి తేల్చుకోండి. వెళ్లేటప్పుడు అమ్మ చెప్పిన జవాబులు రాసుకున్న కాగితం, ఆ మూడు రక్త పరీక్షల రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న ప్రతి మాత్ర స్ట్రిప్పు తీసుకెళ్లండి. మాత్రలు అయిపోయి ఉంటే ఖాళీ స్ట్రిప్పయినా పట్టుకెళ్లండి, వెనక రాసి ఉన్న పేరే వాళ్లకు కావాలి.