అరకులో ఇద్దరికీ రెండు రోజుల భోజనం

విజయనగరం నుంచి అరకు వెళ్లే జంటలకు నా మొదటి సలహా ఒకటే. శనివారం పొద్దున్నే ఎస్.కోట దారి పట్టండి, టిఫిన్ మాత్రం సగం కడుపుకే తినండి. ఘాట్ మలుపుల్లో నిండు కడుపు పనికిరాదు. మా ఆయన పెసరట్టు ఉప్మా దట్టించి బయల్దేరి, అనంతగిరి దాకా నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్నారు. రొమాన్స్ అక్కడే సగం పోయింది.

బొంగులో చికెన్ ముందే కాల్చి పెట్టింది వద్దు. మీ కళ్ల ముందే పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద పెట్టమనండి. నూనె చుక్క వేయరు. బొంగులోని తడే ముక్కను ఉడికిస్తుంది. ముప్పావు గంట పట్టినా తొందరపెట్టకండి. ఆ సెగ పక్కన కబుర్లు చెప్పుకోవడానికే కదా వచ్చింది! ఆకులో వంపగానే లేచే ఆవిరి వాసన పీల్చాకే ముక్క ముట్టుకోండి. ఇద్దరికీ అరకిలో చాలు.

రాత్రి భోజనం 8 లోపు కానివ్వండి. తొమ్మిదిన్నరకు వెళ్లి మేం బిస్కెట్లతో పడుకున్నాం.

ఆదివారం కాఫీ. 2019లో జీఐ ట్యాగ్ (ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చిన అరకు అరబికా అది, మొదటి గుక్క పంచదార లేకుండా తాగి చూడండి. శాలువా ఒక్కటే తీసుకెళ్లండి, కావాలనే.