కొత్త మల్టీటూల్‌లో కొత్తదనం ఎంతుందో తేల్చుకోవడం ఎలా?

ప్లయర్, కత్తి లాంటి పనిముట్లన్నీ ఒకదాంట్లోనే మడిచి పెట్టుకునేదే మల్టీటూల్. కొత్త మోడల్ వచ్చిందనగానే దాని ఫొటోని పాత మోడల్ ఫొటోతో పోల్చి చూడండి, చాలాసార్లు మారేది రంగు, పౌచ్, పేరు, అంతే.

ముందు తెరుచుకునే తీరు చూడాలి. 1983లో వచ్చిన లెదర్‌మన్ కంపెనీ పీఎస్‌టీ మోడల్‌లో కత్తి కావాలంటే ముందు పిడులు విప్పాలి. అదే కంపెనీ 1998 నాటి వేవ్ మోడల్‌లో కత్తులు బయటివైపుకొచ్చాయి, మూసి ఉండగానే ఒంటిచేత్తో తీయొచ్చు. 2019లో ఫ్రీ సిరీస్ పిడులకు అయస్కాంతాలు పెట్టి, లోపలి పనిముట్లు కూడా బొటనవేలితో తోస్తే వచ్చేలా చేసింది, గోళ్లు విరగ్గొట్టుకోనక్కర్లేదు. మార్పంటే ఇదీ! 2024లో వచ్చిన ఆర్క్ మోడల్‌లో తుప్పును తట్టుకుని పదును నిలుపుకునే మాగ్నాకట్ స్టీల్ కత్తి నిజంగా మంచిదే, కానీ తెరుచుకునే పద్ధతి ఫ్రీదే కదా.

తర్వాత ప్లయర్ లోపల వైరు కోసే అంచు. గట్టి తీగ కోస్తే సొట్టపడేది అక్కడే, కాబట్టి వేవ్ ప్లస్‌లోలాగా చిన్న స్క్రూలు విప్పి కట్టర్లు మార్చుకునే వీలుందా అని తప్పకుండా అడగండి, లేకపోతే ఆ ఒక్క సొట్టతో వైరు పని మొత్తం పోతుంది.

పనిముట్ల సంఖ్య చూసి మాత్రం మోసపోవద్దు, స్కేలు గీతల్నీ బాటిల్ ఓపెనర్నీ కూడా అందులో కలిపేస్తారు. మీరు రోజూ వాడే నాలుగైదు మెరుగుపడకపోతే పాతదే ఉంచుకోండి.