లేత్ పనికి కరెంటు ఖర్చు: నా లెక్క ఎక్కడ తప్పింది?

అనంతపురంలోని మా లేత్ షాపులో బోరు మోటార్ల షాఫ్టులకు రేటు చెప్పేటప్పుడు, 3 హెచ్‌పీ మోటారు అంటే సుమారు 2.2 కిలోవాట్లు, 80 శాతం సామర్థ్యం వేసుకుంటే అది తీసుకునేది 2.75 కిలోవాట్లు, కాబట్టి 4 గంటల పనికి 11 యూనిట్లు అని చాలాకాలం లెక్క కట్టాను. ఆ లెక్క నెల బిల్లుతో ఎన్నడూ కలిసేది కాదు.

చివరికి మీటరునే ఆధారం చేసుకున్నాను. దానిపై యూనిట్‌కు 3200 ఇంపల్స్‌లని, అంటే ఒక యూనిట్ ఖర్చయ్యేలోగా మీటరు దీపం 3200 సార్లు మిణుకుతుందని, ముద్రించి ఉంది. ఫ్యాన్లు, లైట్లతో సహా అన్నీ ఆపి, లేత్ ఒక్కటే నడిపి, ఎర్ర దీపం మిణుకులను ఫోనులో వీడియో తీసి, ఆ వీడియోను నెమ్మదిగా నడుపుతూ లెక్కపెట్టాను. రాడ్డును పట్టి తిప్పే చక్ ఊరికే తిరిగినప్పుడు 5 నిమిషాలకు 160, ఇనుప రాడ్డుపై కోత పడుతున్నప్పుడు 400 వచ్చాయి. అంటే గంటకు 0.6 యూనిట్, 1.5 యూనిట్లు. మోటారు నేమ్‌ప్లేటుపై ఉండేది పూర్తి లోడు సంగతి, మా కోతలకు అంత లోడు పడదు. పైగా కొలతలు చూసుకోవడానికే ఎంతో సమయం పోతుంది కనుక, 4 గంటల్లో రెండున్నర గంటలు కోత అనుకుంటే మొత్తం 4.65 యూనిట్లే.

బిల్లులో లేత్‌వి పోగా మిగిలిన యూనిట్ల జాడ కంప్రెసర్ దగ్గర దొరికింది. గాలి వాడకపోయినా దాని మోటారు మాటిమాటికీ అందుకునేది. పైపు జాయింటుకు సబ్బునీళ్లు పూయగానే సన్నని బుడగలు వరుసగా లేచాయి. క్లిప్పు మార్చాను. ఇప్పుడు రేటు చెప్పేటప్పుడు కోత గంటలు, ఖాళీ గంటలు విడిగా రాసి, కనెక్షన్ లోడును బట్టి పడే స్థిర ఛార్జీని నెల పనులన్నిటికీ పంచుతున్నాను.