శాలువా కంటే ముందు సన్మాన పత్రం

ముప్పై నలభై ఏళ్లు గ్రంథాలయానికో, రక్తదాన శిబిరాలకో, ఊరి బడికో పైసా తీసుకోకుండా పనిచేసిన పెద్దలకు సన్మానం చేయాలనుకుంటే హాలు చూడకముందే వారిని అడగండి. కొందరికి వేదిక ఎక్కడం ఇష్టముండదు. వాళ్లకు ఇంటి వాకిట్లో ఇరవైమందితో చేసినా చాలు. ఒప్పుకుంటే కనీసం ఆరు వారాల తర్వాతి తేదీ పెట్టుకోండి. అందులో నాలుగు వారాలు వివరాల సేకరణకే పోతాయి.

"నిస్వార్థ సేవామూర్తి, నిగర్వి" అని నింపిన పత్రాన్ని పేరు మార్చి ఎవరి సభలోనైనా చదవొచ్చు. ఇంతకాలం చేసిన పనికి అది అన్యాయం. ఏ ఊళ్లో, ఏ ఏడాది, ఏం చేశారు, వెంట ఎవరున్నారు అన్నది పత్రంలో కనబడాలి. ఇందుకోసం మూడుసార్లు కూర్చోండి, ఒక్కోసారి నలభై నిమిషాలకు మించకుండా, పొద్దున టిఫిన్ అయ్యాక. ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ ఆపండి, లేకపోతే దాని చప్పుడే వినిపిస్తుంది. సంవత్సరం గుర్తు రాకపోతే గోదావరి పుష్కరాలకు ముందా, తర్వాతా అని అడగండి. 1991, 2003, 2015 పుష్కరాలు వరంగల్ వైపు చాలామందికి జ్ఞాపకం ఉంటాయి. చెప్పినదాన్ని పాత రిజిస్టర్లు, కరపత్రాలు, ఫొటోల వెనక రాతలతో సరిచూడండి.

జిల్లా పేర్ల దగ్గర ఎక్కువ తప్పులు పడతాయి. 2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ విడిపోయింది. ములుగు 2019లో, హనుమకొండ అన్న జిల్లా పేరు 2021లో వచ్చాయి. అందుకే "అప్పటి వరంగల్, ఇప్పటి ములుగు జిల్లా" అని రెండూ రాయండి.

పత్రం 150 నుంచి 180 పదాలుంటే రెండు నిమిషాల్లో చదవొచ్చు. డీటీపీ సెంటర్‌లో ఫోన్‌లో టైపు చేసిన యూనికోడ్ అక్షరాలను ప్రింటుకు వాడే అను ఫాంట్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు చెడిపోతుంటాయి. కాబట్టి ఫోన్‌లో చూసి సరేననొద్దు. కాగితం మీద ప్రింటు తీయించి, ఇంటిపేరు, ఊరు, తేదీలు వాళ్లింట్లో వాళ్లతో చదివించండి. ఫ్రేము ఏ3 సైజు చాలు, అంతకంటే పెద్దదైతే పట్టుకోలేరు.

వందమంది వచ్చే సభకు వెయ్యికి పైగా సీట్లున్న హనుమకొండ కాళోజీ కళాక్షేత్రం వెలితిగా కనిపిస్తుంది. చిన్న హాలు తీసుకోండి. మేడారం జాతర రోజులు, సద్దుల బతుకమ్మ, ఎండాకాలం వద్దు. పొద్దున పదిన్నరకు మొదలుపెట్టి పన్నెండుకు ముగిస్తే షుగర్ ఉన్నవాళ్లకు భోజనం ఆలస్యం కాదు. వేదిక మెట్లకు పట్టుకునే రెయిలింగు లేకపోతే కుర్చీని కింద నేల మీదే వేసి, అక్కడే సన్మానించండి. చేతులున్న గట్టి కుర్చీ వేయండి, సోఫాలో కూర్చుంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లేవలేరు. గజమాల మెడకు భారం, చిన్న పూలదండ మేలు. శాలువా ఒక్కటే, అదీ తేలికది. ఒక్కొక్కరు వచ్చి కప్పుతూ పోతే సభలో సగం సమయం దానికే చెల్లు. మాట్లాడేవాళ్లు ముగ్గురు, ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. అందులో ఒకరు తప్పకుండా ఆ సేవ అందుకున్న మనిషి కావాలి, అతిథుల కంటే వాళ్ల మాటే పెద్దలకు ఎక్కువ.

జ్ఞాపికగా పెంబర్తి ఇత్తడి పళ్లెం బాగుంటుంది, కానీ పేరు చెక్కాలి గనక పత్రం ఖరారయ్యాకే ఆర్డరివ్వండి. రోజూ వాడుకునేది కావాలంటే వరంగల్ కొత్తవాడ జంపఖానా ఇవ్వండి. డబ్బు కవరు మాత్రం ముందే అడగకుండా చేతిలో పెట్టొద్దు, నొచ్చుకుంటారు.

సేకరించిన వివరాలు పద్మ పురస్కారానికి నామినేషన్ వేయడానికీ పనికొస్తాయి. ఎవరైనా ఆన్‌లైన్‌లో వేయొచ్చు, వివరణ 800 పదాలకు మించకూడదు. గడువు తేదీ ఆ ఏటి ప్రకటనలో చూడండి.

సభ అయిన వారంలోపు రికార్డింగులు, స్కాన్ చేసిన ఫొటోలు రెండు పెన్‌డ్రైవ్‌లలో వేసి, ఒకటి ఇంటివాళ్లకు, రెండోది ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం గ్రంథాలయాన్ని కూడా అడిగి చూడొచ్చు. ప్రతి ఫొటో ఫైలుకు ఊరు, ఏడాది, అందులో ఉన్నవాళ్ల పేర్లు పెట్టండి. ఆ పేర్లు చెప్పగలిగింది పెద్దలే, కాబట్టి ఈ పని వారి పక్కన కూర్చునే చేయండి.